70 పేజీల ప్రాజెక్టు రిపోర్టులోంచి రీసెర్చ్ పేపర్ తీయడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: విశాఖలో ఎమ్మెస్సీ పర్యావరణ శాస్త్రం ఆఖరి సెమిస్టర్. భీమిలి నుంచి జాలారిపేట దాకా తీరం పక్కనున్న 30 బోర్ల నీళ్లు మేలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి తీసి సోడియం, క్లోరైడ్, నైట్రేట్‌తో సహా 12 అంశాలకి పరీక్ష చేశారు. రిపోర్టు 70 పేజీలు వచ్చింది. గైడ్ గారు దాన్ని పేపర్ చేయమన్నారు. ఇంట్రడక్షన్ మొదలుపెడితే రెండో పేజీ దాటడం లేదు. ఎలా రాయాలి, ఎక్కడికి పంపాలి, డబ్బు కట్టాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఇంట్రడక్షన్ పక్కన పెట్టేయండి, 70 పేజీల్ని కుదించే పని కూడా మానేయండి. మీ లెక్కల్లోంచి ఒక్క ప్రశ్న, దానికి ఒక్క జవాబు తీసి రెండు వాక్యాల్లో రాసుకోండి. ఆ జవాబుని నిలబెట్టే బొమ్మలు, పట్టికలు ఐదారు తయారు చేయండి. ఆ తర్వాత మెథడ్స్, రిజల్ట్స్, డిస్కషన్, అప్పుడు ఇంట్రడక్షన్, చిట్టచివర అబ్‌స్ట్రాక్ట్, టైటిల్. ఈ వరసలో రోజుకి రెండు గంటలు కూర్చుంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో గైడ్ గారి చేతికి ఇవ్వదగ్గ ప్రతి వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. ఆ సంగతి కిందకి వెళ్లాక చెబుతాను.

రిపోర్టుని కుదిస్తే పేపర్ ఎందుకు కాదంటే, రెండూ చదివేవాళ్లు వేరు. రిపోర్టు ఎగ్జామినర్ కోసం, మీరు ఏమేం చేశారో చూపించడానికి. అందుకే అందులో పీహెచ్ అంటే ఏమిటో, భూగర్భ జలం అంటే ఏమిటో కూడా ఉంటుంది. పేపర్ చదివేవాళ్లకి అవన్నీ తెలుసు. వాళ్లకి కావలసింది ఇంతకుముందు తెలియని ఒక్క సంగతి, దాన్ని నమ్మడానికి సరిపడా ఆధారం. చేసిన 12 పరీక్షలూ పేపర్లోకి ఎక్కాలన్న నియమం లేదు.

ఇక ప్రశ్న దగ్గరికి. "విశాఖ తీర ప్రాంత భూగర్భ జల నాణ్యత అంచనా" అనేది ప్రశ్న కాదు, అంశం. ఈ పద్ధతిలో వచ్చే పేపర్లు ఎడిటర్ల దగ్గర గుట్టలుగా ఉంటాయి: ఊరి పేరు మారుతుంది, వాటర్ క్వాలిటీ ఇండెక్స్ (నాణ్యతంతా ఒక్క అంకెలో చెప్పే సూచిక) లెక్క కడతారు, పైపర్ డయాగ్రమ్ (నీటిని అందులోని లవణాలను బట్టి రకాలుగా చూపే బొమ్మ) ఒకటి గీస్తారు, కొన్ని బోర్లు తాగడానికి పనికొస్తాయి కొన్ని పనికిరావు అని ముగిస్తారు. మంచి జర్నల్లో అది రివ్యూయర్ (ఎడిటర్ తరఫున పేపర్‌ని పరిశీలించే నిపుణుడు) దాకా కూడా వెళ్లదు. అవే లెక్కల్లోంచి ఇలా అడిగి చూడండి: ఉప్పగా ఉన్న బోర్లలో ఆ ఉప్పు సముద్రంలోంచి వస్తోందా, ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నుంచి వస్తోందా? తీరంలోని పాత పేటల్లో రెండింటికీ అవకాశం ఉంది. రెండూ క్లోరైడ్‌ని పెంచుతాయి కాబట్టి క్లోరైడ్ ఒక్కటే చూస్తే తేలదు. కానీ సముద్రపు నీటిలో నైట్రేట్ దాదాపు ఉండదు, మురుగు కలిస్తే పెరుగుతుంది. సముద్రపు నీటిలో సోడియానికీ క్లోరైడ్‌కీ మోలార్ నిష్పత్తి (బరువుతో కాకుండా కణాల సంఖ్యతో చూసే నిష్పత్తి) సుమారు 0.86. మురుగు కలిసినచోట అది తరచూ 1 దాటుతుంది. సముద్రం చొరబడినచోట సోడియం మట్టికి పట్టుకుని కాల్షియం విడుదలవుతుంది కాబట్టి నిష్పత్తి 0.86 కన్నా తగ్గవచ్చు. అంటే ఒక్క నిష్పత్తిని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. నైట్రేట్, నిష్పత్తి, తీరం నుంచి దూరం మూడూ కలిపి చూడాలి. మీ దగ్గర ఈ మూడూ ఇప్పటికే ఉన్నాయి. కొత్త పరీక్ష ఒక్కటి కూడా అక్కర్లేదు.

ప్రశ్న దొరికిందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మీ విభాగంలో కాకుండా ఇంకెక్కడో చదివే స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుని, కనుక్కున్నది తెలుగులో ఒక్క నిమిషంలో చెప్పండి. "అయితే ఆ బోర్లకి ఉప్పు మురుగు నుంచే వస్తోందంటావా?" అని ఎదురు ప్రశ్న వేశాడంటే పేపర్ ఉన్నట్టే. "మంచి ప్రాజెక్టే చేశావురా" అన్నాడంటే ఇంకా లేదు.

రాయడానికి ముందు లెక్కలు సరిచూసుకోండి. నీటి పరీక్షల పేపర్లో రివ్యూయర్ మొదట చూసేది అయాన్ల సమతుల్యం. కాటయాన్ల (సోడియం, కాల్షియం లాంటి ధనావేశం ఉన్నవి) మొత్తం, ఆనయాన్ల (క్లోరైడ్, నైట్రేట్ లాంటి రుణావేశం ఉన్నవి) మొత్తం మిల్లీఈక్వివలెంట్లలో (ఆవేశాన్ని బట్టి లెక్కించే కొలత) లెక్కకట్టి, తేడాని ఆ రెండింటి మొత్తంతో భాగించి 100తో గుణిస్తే అది 5 శాతం లోపు ఉండాలి. 10 శాతం దాకా కొందరు ఒప్పుకుంటారు. అది దాటిన నమూనాని మళ్లీ పరీక్ష చేయాలి, లేదా వదిలేసి ఎందుకు వదిలేశారో రాయాలి. అన్ని నమూనాల్లోనూ తేడా సున్నా దగ్గరే ఉన్నా అనుమానమే. సోడియం కొలవకుండా మిగతావాటిలోంచి తీసేసి రాశారని అనుభవం ఉన్న రివ్యూయర్ వెంటనే పట్టుకుంటాడు.

దశాంశాల సంగతి కూడా చూసుకోండి. 100 మిల్లీలీటర్ల నీటిని 0.0141 నార్మల్ సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ చేస్తే, బ్యూరెట్‌లో 0.1 మిల్లీలీటరు తేడా అంటే లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరైడ్. అలాంటప్పుడు పట్టికలో 243.617 అని రాస్తే చుక్క తర్వాతి ఆ అంకెలు ఎక్సెల్ ఇచ్చినవే తప్ప బ్యూరెట్ ఇచ్చినవి కావు. 244 చాలు.

గణాంకాల్లో విద్యార్థులు తరచూ చేసే పొరపాట్లు మూడు. మే, డిసెంబరు నమూనాలు అవే బోర్లవి కాబట్టి వాడాల్సింది పెయిర్డ్ టీ టెస్ట్ (ఒక్కో బోరు రెండు విలువల్నీ జతగా పోల్చేది). మామూలు టీ టెస్ట్ కాదు. విలువలు ఒక పక్కకి బాగా వాలి ఉంటే (నీటి రసాయనాల్లో చాలావరకు అంతే) విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ అనే పరీక్ష వాడి, సగటు బదులు మీడియన్ (వరసగా పేర్చితే మధ్యన వచ్చే విలువ) ఇవ్వాలి. రెండోది, 12 అంశాలకి కోరిలేషన్ (ఏ రెండు అంశాలు కలిసి మారుతున్నాయో చూపే) పట్టిక వేస్తే 66 జతలు వస్తాయి. 5 శాతం హద్దు పెట్టుకుంటే వాటిలో మూడు దాకా ఊరికే కాకతాళీయంగా "సిగ్నిఫికెంట్" అయి కూర్చుంటాయి. కాబట్టి స్టార్ గుర్తు పడిన ప్రతిదానికీ కారణం వెతకకండి. మూడోది, టీడీఎస్‌కీ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) క్లోరైడ్‌కీ గట్టి సంబంధం ఉందని రాయడం. టీడీఎస్‌లో క్లోరైడ్ ఒక భాగం, సంబంధం లేకపోతేనే వింత.

బొమ్మలు. మొదటిది బోర్లు చూపించే మ్యాపు. స్కేలు, ఉత్తర దిక్కు గుర్తు, తీరరేఖ తప్పకుండా ఉండాలి. అక్షాంశ రేఖాంశాలు నాలుగు దశాంశాల దాకా ఇస్తే సుమారు 11 మీటర్ల ఖచ్చితత్వం వస్తుంది, బోరుకి అది సరిపోతుంది. 17.7 అని ఒక్క దశాంశంతో వదిలేస్తే అది బోరుని కాదు, ఊరినే చూపిస్తుంది. రెండోది తీరం నుంచి దూరానికి క్లోరైడ్ గ్రాఫు, రెండు కాలాలకి రెండు గుర్తులతో. మూడోది నైట్రేట్‌కి ఎదురుగా సోడియానికీ క్లోరైడ్‌కీ ఉన్న నిష్పత్తి. మీ పేపర్ ప్రాణమంతా ఈ మూడో బొమ్మలో ఉంది, దానికి పట్టినంత సమయం పట్టనివ్వండి. బొమ్మలు 300 డీపీఐకి తగ్గకూడదు, నలుపు తెలుపులో ముద్రించినా గుర్తులు తెలియాలి. ఎక్సెల్‌లో వచ్చే త్రీడీ బార్లు ఎంత అందంగా ఉన్నా వద్దు, వాటిలో విలువ సరిగ్గా చదవలేం.

మెథడ్స్ రాయడం అన్నిటికన్నా తేలిక, అందుకే రాత అక్కడ మొదలవ్వాలి. మీరు చేసిందే కదా. చదివినవాడు మళ్లీ అదే పని చేయగలగాలి, కొలత అంతే. బోరు ఎన్ని నిమిషాలు ఆడనిచ్చాక నీళ్లు పట్టారు, సీసా ఏ రకం, అదే నీటితో ఎన్నిసార్లు కడిగారు, లోహాల కోసం తీసిన సీసాలో నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కన్నా తగ్గించారా, ఎన్ని గంటల్లో ల్యాబ్‌కి చేర్చారు, ఏ పరికరం ఏ మోడల్, ఎన్ని నమూనాలకి ఒకసారి డూప్లికేట్ (అదే నమూనాకి రెండోసారి పరీక్ష) చేశారు. పోల్చడానికి వాడిన ప్రమాణం పేరు సంవత్సరంతో సహా రాయాలి. తాగునీటికి మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటిది. అందులో నైట్రేట్ హద్దు 45 మిల్లీగ్రాములు, దానికి సడలింపు లేదు. క్లోరైడ్‌కి 250, వేరే నీళ్లు దొరకని చోట 1000 వరకు. చాలామంది ఈ రెండు అంకెల్నీ కలగలిపేస్తారు. ఏ అంకెతో పోల్చారో ప్రతిచోటా చెప్పండి.

విశాఖ మీద రాసేవాళ్లకి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అంతకుముందు పేపర్లలో "విశాఖపట్నం జిల్లా" అంటే అరకు, పాడేరు, అనకాపల్లి అన్నీ కలిపి. ఇప్పుడు పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో, అనకాపల్లి వేరే జిల్లాగా ఉన్నాయి. పాత జిల్లా సగటుని తీసుకొచ్చి మీ తీరపు బోర్లతో పోలిస్తే ఏజెన్సీ కొండల నీళ్లతో పోల్చినట్టే. స్టడీ ఏరియా పేరాలో ఏ హద్దులు వాడారో ఒక వాక్యం రాసి పెట్టండి.

రిజల్ట్స్‌లో కనిపించింది మాత్రమే, డిస్కషన్‌లో ఎందుకు అలా కనిపించిందో. రెండూ కలిపేస్తే వాదన ఎక్కడుందో ఎవరికీ దొరకదు. పట్టికలో ఉన్న అంకెలన్నీ మళ్లీ వాక్యాల్లో అప్పజెప్పకండి, అందులోంచి ఏది చూడాలో చూపించండి. డిస్కషన్ మొదటి పేరాలోనే మీ జవాబు రావాలి. ఆ తర్వాత దానికి ఎదురు నిలిచే వివరణలు ఒక్కొక్కటే తీసుకుని ఎందుకు పొసగవో చెప్పండి. పొసిగితే ఆ మాటే చెప్పండి. రెండు కాలాల నమూనాలే కాబట్టి ఏళ్ల మార్పు గురించి ఏమీ చెప్పలేమన్న పరిమితిని మీరే ముందు రాసుకోవాలి. మీరు రాయకపోతే రివ్యూయర్ రాస్తాడు, అప్పుడది లోపంగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఇంట్రడక్షన్. నాలుగు పేరాలు, 500 నుంచి 600 పదాలు. సమస్య ఏమిటి, ఇప్పటిదాకా ఏం తెలుసు, ఏం తెలియదు, అందుకని మేం ఏం చేశాం. "భూమి మీద నీరు జీవాధారం" అనే వాక్యంతో మొదలైన పేపర్లు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. "ఈ ప్రాంతంలో ఇంతవరకు ఎవరూ అధ్యయనం చేయలేదు" అని మాత్రం తొందరపడి రాయకండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జియాలజీ, జియోఫిజిక్స్ వాళ్లు దశాబ్దాలుగా పని చేస్తున్నారు, ఇక్కడే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మీ పేపర్ రివ్యూకి వెళ్లేది వాళ్లలో ఒకరి దగ్గరికే కావచ్చు. గూగుల్ స్కాలర్‌తో ఆగకుండా శోధ్‌గంగలో (దేశంలోని థీసిస్‌ల ఆన్‌లైన్ నిల్వ) పీహెచ్‌డీ థీసిస్‌లు వెతకండి, అందులో లేని పాతవాటి కోసం విశ్వవిద్యాలయంలోని వీఎస్ కృష్ణా గ్రంథాలయంలో అడగండి. డబ్బు కట్టి చదవాల్సిన జర్నళ్ల కోసం దారి వెతుక్కునే పని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల వాళ్లకి చాలావరకు తప్పింది. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 జర్నళ్లు అందుబాటులో ఉన్నాయి. లైబ్రేరియన్‌ని అడిగితే లాగిన్ ఎలాగో చెబుతారు.

చదివిన ప్రతి పేపర్‌కీ ఎక్సెల్‌లో ఒక వరస: ఎక్కడ, ఎన్ని నమూనాలు, ఏ పద్ధతి, ఏం తేల్చారు, మనకి ఎక్కడ పనికొస్తుంది. 35 నుంచి 45 దాకా రిఫరెన్సులు ఇలాంటి పేపర్‌కి సరిపోతాయి. రిఫరెన్సులు సర్దిపెట్టే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, మొదటి రోజు నుంచే వాడండి. చివర్లో చేత్తో సర్దుదామనుకుంటే జర్నల్ మారినప్పుడల్లా మొత్తం మళ్లీ సర్దాలి. చదవని పేపర్‌ని ఇంకొకరి రిఫరెన్సుల్లోంచి ఎత్తి పెట్టకండి, తప్పు సంవత్సరం, తప్పు పేజీ అలాగే ఒకరి నుంచి ఒకరికి పాకుతుంటాయి. చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సు అయితే డీఓఐ (ప్రతి పేపర్‌కీ ఉండే శాశ్వత లింకు) తెరిచి అసలు ఆ పేపర్ ఉందో లేదో చూసుకోవాల్సిందే. లేనివాటిని ఉన్నట్టు అచ్చంగా రాసిస్తుంది. ఇంగ్లిష్ దిద్దించుకోవడానికి వాడుకుంటే చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి కానీ వాడినట్టు చెప్పమంటాయి. రచయితగా దాని పేరు వేయడం కుదరదు.

ప్లేజరిజం గురించి భయం ఎక్కువ, అవగాహన తక్కువ. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం వరకు శిక్ష లేదు, 10 నుంచి 40, 40 నుంచి 60, ఆపైన అని మెట్లున్నాయి. రిఫరెన్సుల జాబితా, ఎవరివో చెప్పి ఉటంకించిన మాటలు, వరసగా 14 పదాల వరకు కాకతాళీయంగా కలిసిన మామూలు మాటలు లెక్కలోకి రావు. అయితే శాతం తక్కువ రావడానికి పదాలకి పర్యాయపదాలు పెట్టి తిప్పి రాయడం చూస్తుంటాం. ఆలోచన ఎవరిదో చెప్పకపోతే శాతం సున్నా వచ్చినా అది దొంగతనమే. మూలం మూసేసి, అర్థమైంది మీ మాటల్లో రాసి, ఆ తర్వాత తెరిచి సరిచూసుకోండి.

అబ్‌స్ట్రాక్ట్ 200 నుంచి 250 పదాలు. అందులో అంకెలు ఉండాలి. "ఆసక్తికరమైన ఫలితాలు వచ్చాయి" అనకుండా ఎన్ని బోర్లలో ఎంత అని చెప్పాలి. టైటిల్లో వీలైతే జవాబే పెట్టండి.

పేర్లు. నీళ్ల సీసాలు మోయడానికి బండి ఇచ్చి వెంట వచ్చిన స్నేహితుడికి కృతజ్ఞతల్లో చోటుంది, రచయితల వరసలో లేదు. పనిలో ఆలోచనగానీ లెక్కగానీ పెట్టి, రాతలో పాలుపంచుకుని, ఆఖరి ప్రతి చదివి ఒప్పుకుని, తప్పొస్తే జవాబుదారీగా నిలబడేవాళ్లే రచయితలు. వరస ఎవరెవరిదో రాయడం మొదలుపెట్టకముందే గైడ్ గారితో మాట్లాడుకోవడం మంచిది. ఆఖర్న మాట్లాడితే మనస్పర్థలొస్తాయి. ఇంకొకటి మన తెలుగువాళ్లకే వచ్చే తంటా: ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల జర్నల్ ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ తారుమారై, ఒకే మనిషి మూడు పేర్లతో తేలుతుంటాడు. ఒక్క రూపం ఖాయం చేసుకుని జన్మంతా అదే వాడండి. ఓఆర్‌సీఐడీ (ORCID) అనే 16 అంకెల పరిశోధకుల గుర్తింపు ఉచితంగా ఇస్తారు, ఈరోజే తీసుకోండి. మెయిల్ ఐడీ కాలేజీది ఇస్తే కోర్సు అయ్యాక మూతపడవచ్చు, సొంతది ఇవ్వండి.

ఇక ఎక్కడికి పంపాలి. 2019 నుంచి విద్యార్థులంతా వెతికిన యూజీసీ కేర్ జాబితాని (ఆమోదించిన జర్నళ్ల పట్టిక) యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. ఇంకా "కేర్ లిస్టెడ్" అని గొప్పగా మెయిల్ పంపేవాళ్లుంటే అక్కడే అనుమానించండి. 72 గంటల్లో ప్రచురణ, ఫోన్‌పేలో 1,500 రూపాయలు, వాట్సాప్‌లో సర్టిఫికెట్ అంటే అది దుకాణం. అసలు జర్నల్ పేరుతో నకిలీ సైట్లు కూడా నడుస్తున్నాయి కాబట్టి మెయిల్లో వచ్చిన లింకు నొక్కకుండా జర్నళ్లని నమోదు చేసే స్కోపస్ సోర్సుల జాబితాలో, క్లారివేట్ మాస్టర్ జర్నల్ లిస్టులో ఐఎస్‌ఎస్‌ఎన్ (జర్నల్ గుర్తింపు సంఖ్య) కొట్టి అక్కడి నుంచి వెళ్లండి. అన్నిటికన్నా తేలికైన దారి: మీ రిఫరెన్సుల్లో ఏ జర్నల్ ఎక్కువసార్లు వచ్చిందో చూడండి, మీ పేపర్ చదివేవాళ్లు అక్కడే ఉన్నారు.

డబ్బు సంగతి. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) జర్నల్ అయితే రచయితని వేల డాలర్లు కూడా అడుగుతారు, అది మోసం కాదు, వాళ్ల పద్ధతి. కానీ పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లు చాలావరకు హైబ్రిడ్, అంటే రెండు పద్ధతులూ ఉంటాయి. చదివేవాళ్లు డబ్బు కట్టే సబ్‌స్క్రిప్షన్ పద్ధతి ఎంచుకుంటే రచయిత సాధారణంగా పైసా కట్టక్కర్లేదు. అంగీకారం వచ్చాక ఒక ఫారం వస్తుంది, అందులో తొందరపడి ఓపెన్ యాక్సెస్ అని టిక్కు పెట్టేస్తే బిల్లు వస్తుంది. ఒకసారి ఒక్క జర్నల్‌కే పంపాలి. రెండుచోట్లా ఒకేసారి పంపితే తెలిసిన రోజున రెండూ పోతాయి.

ఎడిటర్ దగ్గరే తిరస్కారమైతే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తెలుస్తుంది, రివ్యూకి వెళ్తే రెండు నుంచి ఆరు నెలలు. "మేజర్ రివిజన్" (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి) అని వస్తే కంగారుపడకండి, విద్యార్థి పేపర్‌కి అది మంచి వార్తే. ప్రతి వ్యాఖ్యనీ యథాతథంగా కాపీ చేసి, కింద జవాబు, ఏ పేజీ ఏ లైనులో మార్చారో రాయండి. మీరు ఒప్పుకోని వ్యాఖ్య ఉంటే మర్యాదగా, లెక్కతో చెప్పండి, అన్నిటికీ తలూపక్కర్లేదు. కొత్త నమూనాలు తెమ్మంటే, ఆ కాలం దాటిపోయిందని చెప్పి దాన్ని పరిమితుల పేరాలో చేర్చవచ్చు. గడువు చాలదనిపిస్తే ముందే ఎడిటర్‌కి మెయిల్ రాస్తే తరచూ ఇస్తారు. గడువు దాటాక పంపితే కొత్త పేపర్‌గా లెక్కేసి మళ్లీ మొదటి నుంచి రివ్యూకి పెట్టే జర్నళ్లు ఉన్నాయి.